ప్రశ్నకూ జవాబుకూ మధ్య

నేను ప్రశ్న అడిగాక ఆగుతాను. లెక్కల టీచరుగా నాకు దక్కిన మంచి పేరు ఏదైనా ఉంటే ఆ ఆగడం వల్లే దక్కింది. తిన్న చీవాట్లు కూడా చాలావరకు దాని వల్లే. సిలబస్ కావడం లేదని హెడ్‌మాస్టరు గొణుగుతూనే ఉండేవాడు. పక్క సెక్షన్ టీచరు ఎప్పుడూ నాకంటే ఒక చాప్టరు ముందుండేది, స్టాఫ్ రూములో ఆ మాట పదే పదే అనేది కూడా. నేను మాత్రం బోర్డు మీద బొమ్మ గీసి, "ఈ రెండు త్రిభుజాలూ సరూపాలని ఎందుకంటున్నాం?" అని అడిగి, చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నిలబడేదాన్ని. ముందు బెంచీ వాళ్ళు గబుక్కున చేతులెత్తితే దించమని కళ్ళతోనే చెప్పేదాన్ని. వాళ్ళకు నేను లేకపోయినా వస్తుంది. మిగిలినవాళ్ళకు కాస్త వ్యవధి కావాలి. అది ఇవ్వకుండా జవాబు కూడా నేనే చెప్పేస్తే వాళ్ళు అంతంత దూరం నుంచి ఆటోల్లో ఇరుక్కుని స్కూలుకి రావడం దేనికి?

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో పాలు పొంగినా, రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొట్టినా నాకు ఒళ్ళు మండుతుంది. బస్సు కోసం కాసేపు నిలబడలేను. అలాంటిదాన్ని పిల్లల జవాబు కోసం మాత్రం ఎంతసేపైనా నిలబడతానని మా వారు ఎప్పుడూ ఆటపట్టిస్తారు. "నేను పదో తరగతి పిల్లాడిగా పుట్టినా బాగుండేది" అంటారు.

మా స్కూలు గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో ఉండేది. చిన్న ప్రైవేటు స్కూలు, చుట్టూ పత్తి చేలు. అక్కడ ఆరో తరగతిలో ఒక ఆడపిల్ల చేరింది. కౌలుకి మిరప వేసే రైతు కూతురు. ఆ పిల్లకి నత్తి. మాట మొదట్లోనే గొంతుకేదో అడ్డుపడేది. కళ్ళు మూసుకునేది, మెడ మీద నరం లేచేది, గడ్డం ముందుకు వచ్చేది. 'క'తో మొదలయ్యే మాటలు మరీ కష్టం. వాటికంటే కష్టం తన పేరు చెప్పుకోవడం. వేరే మాటైతే దానికి బదులు ఇంకోటి వెతుక్కోవచ్చు. పేరుకి బదులేం ఉంటుంది?

చేరిన కొత్తలో ఒకరోజు ఆ పిల్లని ప్రశ్న అడిగాను. లేచి నిలబడింది, మొదలుపెట్టింది, ఇరుక్కుపోయింది. వెనక నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. "ఒరేయ్, నవ్వొచ్చినవాళ్ళంతా బయటికి నడవండి. బయట నిలబడి తనివితీరా నవ్వుకోండి" అన్నాను. సగం క్లాసు వరండాలో నిలబడింది. మిగిలిన సగంతో కలిసి నేను ఆగాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నానని నమ్మకం కుదిరాక మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి జవాబు వచ్చింది. తప్పు జవాబు. "తప్పే, కానీ దగ్గరకొచ్చావు, ఇంకోసారి చూడు" అన్నాను. మళ్ళీ ఆగాను. ఈసారి సరిగ్గా చెప్పింది.

అప్పటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆ పిల్ల నా క్లాసులో నోరు విప్పని రోజు లేదు. నత్తి పోలేదు, పోతుందని నేను అనుకోనూ లేదు. కానీ భయం పోయింది. తప్పు చెబుతానేమోనని వెనకాడే పిల్లల మధ్య, తప్పో ఒప్పో తాపీగా చెప్పేసి కూర్చునే పిల్ల తనొక్కతే.

కరోనా తరవాత మా స్కూలు కోలుకోలేదు. కొన్నాళ్ళు ఈడ్చి, ఆ పిల్ల ఎనిమిది పూర్తిచేసిన ఏడాది మూసేశారు. తను సొంత ఊళ్ళో హైస్కూలుకి మారింది. నాకు గుంటూరులో ఒక చిన్న కోచింగ్ సంస్థలో పని దొరికింది. వాళ్ళు కొత్తగా ఒక యాప్ పెట్టారు. పదో తరగతి లెక్కలు వీడియో పాఠాలుగా చెప్పాలి.

స్టూడియో అన్నారు గానీ అది మేడ మీద ఒక గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కొట్టారు. యజమాని చుట్టాలకి పత్తి జిన్నింగ్ మిల్లు ఉందట. ఫోము కొనడం దండగని దూది పరుపులు కుట్టించి తెచ్చి గోడలకు మేకులు దిగ్గొట్టారు. ఏసీ వేస్తే ఆ హోరు రికార్డవుతుందని పాఠం చెప్పినంతసేపూ ఆపేసేవాళ్ళు. ఎండాకాలంలో ఆ దూది మధ్య నిలబడి, ముఖానికి పౌడరు అద్దించుకుని, చెమట కారిపోతుంటే నవ్వుతూ త్రికోణమితి చెప్పాలి. మేనేజరు మొదటిరోజే "హాయ్ ఫ్రెండ్స్ అని మొదలుపెట్టండి మేడం" అన్నాడు. వాళ్ళు నా ఫ్రెండ్స్ కాదు, నా విద్యార్థులు అన్నాను.

అసలు చిక్కు అది కాదు. ఎదురుగా మనుషుల్లేరు. నల్లటి కెమెరా కన్ను ఒకటి, దాని పక్కన కళ్ళు చెదిరే లైటు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? బొమ్మ గీశాను, ప్రశ్న అడిగాను, మార్కరు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ ఆగాను. కొంతసేపయ్యాక "సరిగ్గా చెప్పావు" అని ముందుకు వెళ్ళాను.

వీడియోలు సరిచేసే అమ్మాయి చీరాల నుంచి రోజూ రైల్లో వచ్చేది. నేత పని చేసే ఇంటి పిల్ల, చాలా నెమ్మదస్తురాలు. రికార్డింగ్ అయ్యాక మొహమాటపడుతూ నా దగ్గరకొచ్చింది.

"మేడం, ఇక్కడ గ్యాప్ వచ్చిందండి. మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా. ఆగాను."

"ఎవరి కోసమండి?"

"జవాబు చెప్పేవాళ్ళ కోసం."

ఆ అమ్మాయి గది వైపు ఒకసారి చూసింది. గదిలో పరుపులు తప్ప ఏమీ లేవు. "పిల్లలు ఖాళీ వస్తే వేలితో ముందుకి తోసేస్తారండి" అంది. తోసేసేవాళ్ళని తోసెయ్యనీ, ఆలోచించేవాళ్ళకి ఉండనీ, ఆ ఖాళీ తీసేస్తే రేపటి నుంచి నేను రాను అన్నాను. ఊరికే బెదిరించాను. రాకపోతే నాకూ గడవదు. పాపం, ఆ అమ్మాయి నమ్మింది. ఖాళీలన్నీ అలాగే ఉంచి యాప్‌లో పెట్టింది. వీడియోల కింద పిల్లలు రాసే కామెంట్లు చదివి వినిపించేది. "మేడం వీడియో స్టక్ అవుతోంది", "నెట్ బానే ఉంది, మేడమే ఆగిపోయారు", "రెండింతల స్పీడు పెట్టుకుంటే మేడం మామూలుగా ఉంటారు". ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. నేను మాత్రం ఆ వీడియోలు ఏనాడూ తెరిచి చూడలేదు. నా ముఖం, నా గొంతు నేనే చూసుకోవడం, వినడం నాకు చచ్చేంత సిగ్గు.

ఇలా ఉండగా ఒక మిరప కోతల కాలంలో నాకు నత్తి ఉన్న ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. మా స్కూలు రోజుల నుంచి ఆమె దగ్గర నా నంబరు ఉంది. మిర్చి పనుల్లో ఉండే ఆడవాళ్ళందరిలాగే గట్టిగా మాట్లాడుతుంది, ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకోవాలి.

"అమ్మా, మా పిల్ల మాట్టాడతందమ్మా!"

"ఎవరితో?"

"మీతోనేనమ్మా. ఫోన్లో. మీరు అడగతన్నారు, అది చెబతంది. యాడా మాట్టాడని పిల్ల, మీరు అడిగితే చెబతంది."

తరవాత నెమ్మదిగా అంతా చెప్పింది. కొత్త స్కూల్లో ఆ పిల్ల నోరు మెదపడం మానేసిందట. అక్కడి టీచర్లు చెడ్డవాళ్ళేం కాదు. ప్రశ్న అడిగి, ఆ పిల్ల పడే అవస్థ చూడలేక, "నువ్వు కూర్చో తల్లీ, కష్టపడకు" అనేవాళ్ళట. కూర్చోబెట్టి కూర్చోబెట్టి అడగడమే మానేశారు. త్రిభుజాల పాఠంలో కో.కో.కో. నియమం అని ఒకటుంది, మూడు కోణాలూ సమానమైతే త్రిభుజాలు సరూపాలని. మగపిల్లలు ఆ పిల్లకి అదే పేరు పెట్టారు. ఆ పిల్ల దారిలో కనపడితే ఆ మూడక్షరాలూ అని నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనూ తీసుకుని కల్లం దగ్గరికి పోయి నా పాఠాలు పెట్టుకునేదట. సిగ్నలు అక్కడే అందుతుంది.

"పది పాసైతే గుంటూరు కాలేజీలో వేత్తానమ్మా" అంది తల్లి. "ఇప్పటిదాకా వాళ్ళ నాన్న, మాట రాని పిల్లని కాలేజీలో వేసి ఏం చేత్తాం అనేవోడు. మొన్న ఆయనే చాటుగా ఇని, సరే పంపుదాం అన్నాడు. అదీ పోతానంటంది. మీలాగా లెక్కల టీచరు అవుద్దంట."

ఆ ఆదివారమే ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. కల్లం నిండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. ఒక పక్క ఎండిన కాయ టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో తొక్కుతున్నారు. తల్లి నన్ను గడ్డివామి పక్కనే ఆపి, "చప్పుడు చెయ్యకండమ్మా, మనల్ని చూత్తే ఆపేసిద్ది" అని గుసగుసగా అంది. ఆమె గుసగుస కూడా మామూలు మనుషుల మాటంత ఉంటుంది.

పిల్ల పరదా పట్ట మీద కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది. చాలా పొడుగైంది. ఎదురుగా ఒక టిక్కీకి ఆనించి ఫోను ఉంది. ఫోన్లో నుంచి నా గొంతు. "ఈ రెండు త్రిభుజాలూ సరూపాలని ఎందుకంటున్నాం?"

ఆ పిల్ల చేతులు ఆగాయి. కళ్ళు మూసుకుంది. "రెం... రెండు క... క..." అంది. నరం లేచింది. ఫోన్లో నేను ఆగాను. "క... క..." గాలికి పట్ట అంచు కొట్టుకుంటోంది. ఫోన్లో నేను ఇంకా ఆగే ఉన్నాను. "కోణాలు సమానం కాబట్టి" అంది. ఫోన్లో నుంచి "సరిగ్గా చెప్పావు" అన్నాను. ఆ పిల్ల ఫోను వైపు చూసి నవ్వి, మళ్ళీ తాలుకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఏడుపు ఆగలేదు. నా జీవితంలో నన్ను అంత తృప్తిగా ఏడిపించింది ఇంకేదీ లేదు. కల్లంలో ఘాటు సంగతి తెలిసిందే. ఏడుస్తూ లోపలికి గాలి పీల్చేసరికి దగ్గు తెర అందుకుంది. చప్పుడికి ఆ పిల్ల తిరిగి చూసి గబుక్కున లేచి నిలబడింది. "మే... మే..." అంది. మేడం అనబోతోంది. నేను ఆగుదామనే అనుకున్నాను. కళ్ళలో మంట, గొంతులో కారం, ఊపిరి అందడం లేదు. ముఖం అటు తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకున్నాను. తల్లి కంగారుపడి నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిపించుకుపోయింది. మంచినీళ్ళు తాగాక కూడా మాట రాలేదు. ఆటో ఎక్కి, దూరం నుంచే ఆ పిల్లకి చెయ్యి ఊపాను. అది పట్ట మీదే నిలబడి చూస్తూ ఉంది.

దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. మర్నాడు చీరాల అమ్మాయికి అంతా చెబితే, ఆమె కళ్ళు కూడా నిండాయి. "ఇంక ఒక్క గ్యాప్ కూడా ముట్టుకోనండి మేడం" అంది. ముట్టుకోలేదు కూడా. ఆ మాట మీద నిలబడింది.

కానీ ఆ తరవాత కొద్దిరోజులకే మా సంస్థని ఇంకో పెద్ద సంస్థ కలిపేసుకుంది. కొత్త మేనేజరు వచ్చాడు. చీరాల అమ్మాయిని వేరే పనికి మార్చారు. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, పిల్లలకి త్వరగా రివిజన్ అయ్యేలా పాఠాలన్నీ చిన్నవి చెయ్యాలన్నారు. మాట లేనిచోటల్లా వెతికి దానంతటదే కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఉందట. నా పాఠాలన్నీ దానిలో వేసి బయటికి తీశారు. నన్ను అడగలేదు, నాకు చెప్పనూ లేదు. నేను నా వీడియోలు చూసేదాన్ని కాదు కాబట్టి నాకు తెలిసే దారి లేకపోయింది.

ఆ పిల్ల పది పాసైంది. లెక్కల్లో చాలా మంచి మార్కులు. నోటితో చెప్పాల్సిన పని లేదు కదా, పరీక్ష రాయడమే. నేను సంతోషంగా ఫోన్ చేశాను. తల్లి గొంతులో ఎప్పటి జోరు లేదు.

"కాలేజీకి పోనంటందమ్మా. వాళ్ళ నాన్న అప్లికేషను తెత్తే చింపేసింది."

ఎందుకని అడిగాను. ఆమె పొలం సంగతులు చెప్పింది, వర్షం సంగతి చెప్పింది. నేను వదలకపోయేసరికి బయటపడింది.

"మీరు దాని మీద ఇసుక్కున్నారంట గదమ్మా."

"నేనా? ఎప్పుడు?"

"కల్లానికి వచ్చి చూశారు గదా, ఎంతసేపు పడుతుందో. చూసి మొకం తిప్పుకుని ఎల్లిపోయారు. ఆ తరవాతి నుంచి మీరు ఆగట్లేదంట. అది నోరు తెరిచేలోపే సరిగ్గా చెప్పావు అనేసి ఎల్లిపోతన్నారంట. మీదేం తప్పులేదంటందమ్మా అది. మేడం గారు కూడా మనిషే గదమ్మా, ఎంతసేపని ఆగుతారు, ఇన్నాళ్ళు ఆగారు, చాలు అంటంది. ఎనకేసుకొత్తంది మిమ్మల్ని."

ఫోను పెట్టేసి, మా వారి ఫోన్లో ఆ యాప్ తెరిచి నా పాఠం నేను చూశాను. అదే మొదటిసారి. త్రిభుజాల పాఠం. బొమ్మ గీశాను. "ఈ రెండు త్రిభుజాలూ సరూపాలని ఎందుకంటున్నాం?" ఆ మాట నోట్లో ఉండగానే నా తల చటుక్కున ఒక పక్కకి ఎగిరింది. "సరిగ్గా చెప్పావు." మళ్ళీ ప్రశ్న. మళ్ళీ తల ఎగిరింది. "సరిగ్గా చెప్పావు." ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నా చీర కట్టుకుని, నా గొంతుతో, ఎదుటివాళ్ళు ఉన్నారో లేరో పట్టించుకోకుండా తన పని తాను ముగించుకునే ఒక విసుగుమనిషి. ఆ పిల్ల స్థానంలో నేనున్నా అదే అనుకుందును.

ఆ పిల్లకి ఎడిటింగ్ సంగతి ఎలా తెలుస్తుంది? పాఠాలు ఒకసారి చెప్పి దాచిపెట్టినవనీ, రోజూ అవే తిరుగుతుంటాయనీ దానికి తెలుసు, తెలియని పిల్ల కాదు. కానీ కల్లంలో నన్ను చూసింది, నేను వెళ్ళిపోవడం చూసింది. ఆ నెల తిరక్కుండానే పాఠం మారింది. నేను ఇంటికెళ్ళి మళ్ళీ చెప్పాననుకుంది. మేడం ఈసారి తొందరగా చెప్పారనుకుంది. ఒక్కొక్క పాఠమే తెరిచి చూసుకుని ఉంటుంది, ఏ ఒక్కదానిలోనైనా ఆగానేమోనని.

ఆఫీసుకు వెళ్ళి అరిచాను. నా కోపం గురించి విన్నవాళ్ళు కూడా అంత కోపం చూసి ఉండరు. కొత్త మేనేజరు నాకు కుర్చీ చూపించి, మర్యాదగా కంప్యూటరు నా వైపు తిప్పాడు. "మేడం, ఇదివరకు పిల్లలు మీ పాఠాలు మధ్యలో వదిలేసేవాళ్ళండి. ఇప్పుడు చివరిదాకా చూస్తున్నారు. మీకే మంచి పేరు" అన్నాడు. పాతవి మళ్ళీ పెట్టమన్నాను. చోటు చాలడం లేదని తీసేశామన్నాడు. నేను నమ్మక, చీరాల అమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. ఆ అమ్మాయి కంప్యూటరంతా వెతికింది. వెతుకుతూనే ఏడ్చింది. "నాకూ చెప్పలేదండి. చెబితే ఒక్కటైనా దాచేదాన్నండి" అంది. నేను ఆ పూటే పని మానేశాను. నా పాఠాలు తీసేయమంటే, సంతకం చేసిన కాగితం ప్రకారం అవి వాళ్ళవేనన్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడెక్కడి పిల్లలకో నేను ఆగకుండా చెబుతూనే ఉన్నాను.

వాన పడ్డ మర్నాడు ఆ ఊరు వెళ్ళాను. పత్తి గింజలు పెట్టే రోజులు. ఇంటి ముందు మంచం వేసి తల్లి కూర్చోమంది. పిల్ల చేలో నుంచి వచ్చింది, మోకాళ్ళ దాకా మట్టి, తలకి తుండు. నన్ను చూసి చేతులు జోడించింది, మాట్లాడలేదు. నేను తనని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వచ్చే దారంతా అనుకున్న మాటలన్నీ ఒక్కపెట్టున చెప్పేశాను. కల్లంలో నేను విసుక్కోలేదని, ఏడ్చానని, ఎందుకు ఏడ్చానో చెప్పాను. ఫోను తీసి, నా తల ఎగిరే చోటు ఆపి, "ఇదిగో, ఇక్కడ కత్తిరించారు, ఇక్కడ నేను ఆగి ఉన్నాను, నీ కోసం ఆగి ఉన్నాను" అని చూపించాను. మళ్ళీ వెనక్కి జరిపి చూపించాను. చూపించడానికి అక్కడ ఏముంది? లేనిదాన్ని ఎలా చూపిస్తాం?

ఆ పిల్ల శ్రద్ధగా వింది. ప్రతిదానికీ తలూపింది. పెద్దవాళ్ళు నొచ్చుకోకుండా ఉండటానికి పిల్లలు తలూపుతారే, అలా ఊపింది. కాలేజీలో చేరు, నేను వచ్చి లెక్చరర్లందరితో మాట్లాడతాను, రోజూ నీతోపాటు వచ్చి గేటు దగ్గర కూర్చోమన్నా కూర్చుంటాను అన్నాను. అడ్డంగా తలూపింది. దాని కళ్ళలో నా మీద కోపం లేదు. అదే నాకు భరించరానిది. కోపం ఉంటే పోట్లాడి గెలుచుకునేదాన్ని.

"నేను చెప్పింది నమ్ముతున్నావా?" అని అడిగాను.

అడిగి ఆగాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. వచ్చాక మొదటిసారి తిన్నగా చూసింది. కళ్ళు మూసుకుంది. గడ్డం ముందుకొచ్చింది. మెడ మీద నరం లేచింది. గొంతులో నుంచి చిన్న చప్పుడు మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. నాకు ఆ మాట కావాలి. అవునన్నా సరే, లేదన్నా సరే, నన్ను తిట్టినా సరే. పొద్దుగూకేదాకా అయినా ఆ మంచం మీదే కూర్చునేదాన్ని.

తల్లి చూడలేకపోయింది. కన్నది కదా. గబగబా దగ్గరకొచ్చి కూతురి తల పొట్టకు హత్తుకుంది.

"నమ్ముద్దమ్మా, ఎందుకు నమ్మదు? మీరంటే దానికి ప్రాణం" అంది ఎంతో ప్రేమగా.

పిల్ల నోరు మూసుకుంది. తల్లి చెప్పింది నిజమేనన్నట్టు తలూపి, మట్టి కాళ్ళు కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. తను చెప్పబోయింది అదేనో, కాదో నాకు తెలియలేదు.